ఎడమ కొమ్ము మీద ఒట్టు

బహదూర్‌పురాలో మా ఇంటికి ఇరవై ఆరేళ్ళుగా పాలు పోస్తున్న మనిషి పేరు బుచ్చయ్య. పాలు అని మర్యాదకు అంటున్నాను. మా ఆవిడ వరమ్మ ఆ మర్యాద కూడా చూపదు. "నీళ్లాయన వచ్చిండు, గిన్నె తీస్కరాండ్రి" అని ఆయన వినేలా నన్ను కేకేస్తుంది. ఆయన వింటాడు, విని నవ్వుతాడు. అరవై మూడేళ్ళు, తలకు రుమాలు, ఒక చెవికి పోగు, చేతిలో లీటరు కొలత. జూపార్కు దగ్గర సందులో పదకొండు బర్రెల తబేలా ఉంది ఆయనకు. పదకొండు బర్రెలు ఎంత ఇస్తాయో, ఈయన నలభై ఇళ్ళకు ఎంత పోస్తాడో పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడో ఒక బర్రె తగ్గుతుంది. ఆ పన్నెండో బర్రె నల్లా అని వరమ్మ నమ్మకం.

ఆ మాట ఎవరన్నా సరే, బుచ్చయ్య క్యాను కింద పెడతాడు. గాలిలో కొమ్ములు పట్టుకున్నట్టు రెండు చేతులూ ఎత్తుతాడు. "ఎడమ కొమ్ము మీద ఒట్టు, కుడి కొమ్ము మీద ఒట్టు, చుక్క నీళ్లుంటే నా బర్రె గొడ్డువోవాలె!" అంటాడు. ఈ ఒట్టు నేను మరొకరి నోట వినలేదు. వాళ్ళ నాన్న నుంచి వచ్చిందట. అడిగినా వేస్తాడు, అడగకపోయినా వేస్తాడు. పండగ రోజు రెండుసార్లు వేస్తాడు, ఆ రోజు పాలు మరీ పల్చగా ఉంటాయి.

ఒకసారి వరమ్మ పట్టుదలకు పోయి లాక్టోమీటర్ కొనుక్కొచ్చింది. అది పాలలో మునగాల్సిన గీత దాటి ఇంకా కిందికి దిగిపోయింది. బుచ్చయ్య దానివైపు జాలిగా చూసి, "ఇది ఆవుపాల మిషిని అమ్మా. బర్రెపాలను చూసి బుగులైంది పాపం" అన్నాడు. అయినా మేం పాలమనిషిని మార్చలేదు. ఎందుకు మార్చవని నేను అడిగితే, "పొద్దుగాల లొల్లి పెట్టుకోనీకి ఒక మనిషి ఉండాలె గదా" అంది వరమ్మ. ఆ పని నాతో సరిపెట్టుకోవచ్చు కదా అని నేను అనలేదు. చార్‌కమాన్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నడిపేవాడికి ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ మానాలో తెలుసు.

ఇక బుచ్చయ్యకు పాల తర్వాత ఉన్న గర్వం తండ్రి రామలింగయ్య. ఆయనా ఇదే పాడి, ఇదే సందు. నైజాం రాజ్యం ఆఖరి రోజుల్లో, నలభై ఎనిమిదిలో, జల్‌పల్లి అవతల గుట్ట మీదున్న పాత ఖిలాలో తొమ్మిది రోజులు ఖైదులో ఉన్నాడట. ఎందుకున్నాడో తండ్రి చెప్పలేదు. "తొమ్మిది దినాలు ఖిలాల ఉన్న బిడ్డా" అన్నాడంతే. మిగతాది కొడుకు పూరించాడు. మేం పాలు పోయించుకోవడం మొదలుపెట్టిన కొత్తలో ఆ కథలో కాళ్ళకు సంకెళ్ళు మాత్రమే ఉండేవి. పదేళ్ళకు కొరడా దెబ్బలు వచ్చి చేరాయి. ఈ మధ్య ఒక ఫిరంగి కూడా వచ్చింది.

నవ్వుతున్నాను కానీ, ఆ తొమ్మిది రోజులే ఆయన పరువు. జెండా పండగ రోజు మా గల్లీలో మొదటి కుర్చీ ఆయనకే వేస్తారు. పోరాడినవాడి కొడుకు అని దండ వేస్తారు. చేతిలో మాత్రం ఒక్క కాగితం ముక్క లేదు.

అలాంటిది పోయిన ఏడు ఆ ఖిలాను బాగుచేసి మ్యూజియం పెట్టారు. నలభై ఎనిమిదిలో అక్కడ నిర్బంధంలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ ఒక నల్లరాయి మీద చెక్కిస్తారట. జాబితాలో పేరు రానివాళ్ళ కుటుంబాలు ఆధారంతో, ఇద్దరు సాక్షులతో రావాలి, ఆదివారం సాయంత్రం అయిదింటికి ఆఖరు అని పేపర్లో పడింది. శనివారం పొద్దున బుచ్చయ్య ఆ పేపరు ముక్క పట్టుకుని మా గడప ముందు నిలబడ్డాడు.

"సేటూ, నువ్వు, అమ్మ సాక్షి రావాలె."

"మేమప్పటికి పుట్టనే లేదు. ఏం సాక్ష్యం చెప్తం బుచ్చయ్యా?"

"మేం మంచోళ్లమని చెప్పుండ్రి, చాలు."

"మంచోళ్లనే చెప్తం," లోపలి నుంచి వరమ్మ అందుకుంది. "పాల సంగతి అడగొద్దని ఆళ్లకు ముందుగాల చెప్పు."

బుచ్చయ్య ఈసారి నవ్వలేదు, ఒట్టూ వేయలేదు. "చిన్నప్పటి సంది అందరికి చెప్పుకుంట వచ్చిన సేటూ. రేపు రాయి మీద అందరి పేర్లు ఉండి మా బాపుది లేకుంటే, గల్లీల నేను అబద్ధాలోడినైత. బాపు గూడ అబద్ధాలోడైతడు" అన్నాడు. వరమ్మ బయటికొచ్చి ఆయన మొహం చూసి, ఎన్నింటికి బయలుదేరాలని అడిగింది.

ఆదివారం పాల ట్రాలీ ఆటోలో వెళ్ళాం. బుచ్చయ్య నడిపాడు. వరమ్మ పులిహోర డబ్బాతో పక్కన ఇరుక్కుంది. నేను, బుచ్చయ్య భార్య లలితమ్మ వెనక ఖాళీ క్యాన్ల మధ్య కూర్చున్నాం. లలితమ్మ ఒడిలో తువ్వాల చుట్టిన మామగారి ఫోటో ఉంది. గుంత వచ్చినప్పుడల్లా క్యాన్లన్నీ ఒక్కసారి మోగేవి. ఆమె ఫోటోను గుండెకు హత్తుకుని, "మామా, జర ఓర్చుకో" అనేది.

ఖిలా గుమ్మం మీది బోర్డులో విమోచన అని ఉంది, టికెట్టు మీద విలీనం అని ఉంది. ఏది నిజమని కౌంటర్లో అడిగితే, "రెండిట్లకు ఒకటే టికెట్ సార్" అన్నాడు. లోపల పేర్ల పని చూసే అమ్మాయి నందిని ఎదురొచ్చింది. పాతికేళ్ళుంటాయి. మ్యూజియం చూపించడానికి ఆమె బయలుదేరింది కానీ, చూపించింది బుచ్చయ్య.

"ఇగో, మా బాపును కట్టేసిన గొలుసు!"

"అది బావి బొక్కెన గొలుసు అంకుల్."

"ఇగో, కొరడా!"

"అది జెండా తాడు అంకుల్."

ఫిరంగి దగ్గరికి రాగానే బుచ్చయ్య నోరు తెరిచాడు. అది పేలి నూటయాభై ఏళ్ళు దాటిందని పక్కన పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆయన నోరు మూసుకుని దాన్ని ఒకసారి తట్టి ముందుకు నడిచాడు.

ఆఫీసు గదిలో నందిని కంప్యూటర్ తెరిచింది. నూట పన్నెండు పేర్లు. మూడుసార్లు పైనుంచి కిందికి చూసింది. రామలింగయ్య లేడు. లలితమ్మ తువ్వాల విప్పి ఫోటోను కంప్యూటర్‌కు ఎదురుగా పట్టుకుంది, అది గుర్తుపడుతుందేమో అన్నట్టు.

"జైలు రిజిస్టర్ మొత్తం దొరికింది అంకుల్, ఒక్క పేజీ కూడా పోలేదు. అందులో లేకపోతే నేనేమీ చేయలేను. సారీ," అంది నందిని. పాపం, ఆ పిల్లకే బాధేసినట్టుంది.

"ఇంకోపారి చూడు బిడ్డా."

ఆమె నాలుగోసారి చూసింది. బుచ్చయ్య తలరుమాలు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన్ని రుమాలు లేకుండా చూడటం నాకదే మొదలు. దాని కింద అంత బట్టతల ఉందని నాకు తెలియదు. నవ్వు రాలేదు.

మా వరమ్మకు ఎవరైనా బాధపడుతుంటే చూస్తూ నిలబడే అలవాటు లేదు. పక్క గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ గోడకు ఒక పెట్టె, దానికి వరసగా బొత్తాలు. బొత్తాం నొక్కితే అప్పటి ఖైదీలు ముప్పై ఏళ్ళ కింద టేపు మీద చెప్పిన మాటలు వినిపిస్తాయి. వరమ్మ ఏడో బొత్తాం నొక్కింది. పెట్టెలోంచి ఒక ముసలి గొంతు హైదరాబాదీ ఉర్దూలో గట్టిగా వచ్చింది.

"ఉనే జేల్ మే నై థా మియా. ఉస్‌కి భైంస్ జేల్ మే థీ!"

మనిషి కాదు, బర్రె జైల్లో ఉందని. బర్రె మాట వినగానే బుచ్చయ్య తలెత్తాడు. అందరం ఆ గదిలోకి వెళ్ళాం. రైల్వే యూనియన్లో పనిచేసి జైలుకొచ్చిన గులాం దస్తగీర్ అని పెట్టె మీద రాసి ఉంది. ఆయన తాపీగా చెప్పుకుపోయాడు. తెలుగులో అయితే ఇదీ సంగతి.

ఖిలాలో ఖైదీలుండే చోటుకూ, పంట మేసిన పశువులను కట్టేసే బందెలదొడ్డికీ మధ్య ఒకటే గోడ. ఒకనాడు దొడ్డిలోకి ఒక బర్రె వచ్చింది. అది జైలు దరోగా గారి బెండతోట మొత్తం మేసిందట. పాలిచ్చే బర్రె కాబట్టి దరోగా సంతోషించాడు. కానీ పిండబోయిన ప్రతివాణ్ణీ అది తన్నింది. యజమాని చెయ్యి పడితే తప్ప అది పాలు చేపదు. అందుకని యజమానిని పట్టుకొచ్చి బర్రెతో పాటు దొడ్డిలో పెట్టి తాళం వేశారు. రెండు పూటలా దరోగాకు నాలుగేసి సేర్లు పిండి ఇవ్వాలి. అతని పేరు ఏ రిజిస్టర్లోనూ రాయలేదు. దొడ్డి పుస్తకంలో బర్రె పేరుకే చోటుంది, మనిషికి లేదు.

"మాకు సగం కడుపుకే తిండి పెట్టేవాళ్ళు. ముగ్గురు జ్వరంతో పడున్నారు. రెండో రోజు పొద్దున గోడ కింద తూములోంచి ఒక లోటా జరిగి వచ్చింది, అప్పుడే పిండిన వెచ్చటి పాలు," అన్నాడు దస్తగీర్. సగం పాలు వీళ్ళకిచ్చి, తగ్గిన సగానికి తొట్టి నీళ్ళు కలిపి ఆ మనిషి దరోగా కొలత నింపేవాడు. పట్టుబడితే తోలు ఒలిచేవాళ్ళే. దరోగా రోజూ పాలెందుకు పల్చగా ఉన్నాయని అరిచేవాడు. అప్పుడా మనిషి గోడకవతల తెలుగులో ఒక ఒట్టు వేసేవాడు. ఇవతల ఖైదీలు నవ్వు వినబడకుండా నోట్లో గుడ్డలు కుక్కుకునేవాళ్ళు. "ఆ ఒట్టు మా అందరికీ నోటికొచ్చేసింది," అని ముసలాయన గొంతు సవరించుకుని, వచ్చీరాని తెలుగులో అందుకున్నాడు.

"ఎడమ్ కొమ్ము మీద ఒట్టూ, కుడీ కొమ్ము మీద ఒట్టూ, చుక్క నీల్లుంటే నా బర్రె గొడ్డు పోవాలె!"

తొమ్మిదో రోజు ఇండియా ఫౌజు వచ్చి తలుపులు తెరిచిందనీ, ఆ మనిషి బర్రె వెనక పరిగెత్తి పోయాడనీ, పేరు తెలియదనీ, షుక్రియా చెప్పనేలేదన్న బాధ తనకు ఉండిపోయిందనీ చెప్పి టేపు ఆగింది.

వరమ్మ మెల్లగా బుచ్చయ్య వైపు తిరిగింది.

బుచ్చయ్య ముందు నవ్వాడు, తర్వాత నొచ్చుకున్నాడు. "అంటే... పట్టుకుంది బర్రెనా? బాపును గాదా?" అన్నాడు.

"తొమ్మిది దినాలు ఉన్నడు గదా! గోడకు ఇటు ఉంటేంది, అటు ఉంటేంది?" లలితమ్మ కసిరింది. ఆమె కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

నందిని నోట్‌బుక్ తీసి గబగబా ముందుకొచ్చింది. "అంకుల్, ఆ మనిషెవరో తెలుసుకోలేక మేం ఏడాదిగా తిప్పలు పడుతున్నాం. ఆ ఒట్టు మీదేనా?"

"మాదే! మా ఇంట్లదే! ఇంకెవ్వరికి రాదు!"

"అయితే రాసివ్వండి. ఈ ఒట్టు మా నాన్నది, ఆయన పాలలో నీళ్ళు కలిపి దరోగాకు ఇచ్చాడు అని."

బుచ్చయ్య కలం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఒట్టు బాపుదే. నీళ్లు మాత్రం కలపలే."

"కలపకపోతే ఎలా అంకుల్? సగం పాలు ఖైదీలకు ఇచ్చాడుగా. నీళ్ళు కలపనివాడైతే టేపులో మనిషి మీ నాన్న కాదు. కమిటీ ఒప్పుకోదు."

నాకు ఆయన ఇబ్బంది అర్థమైంది. తండ్రి పేరు రాయి మీదికి ఎక్కాలంటే, ఆ ఒట్టు అబద్ధానికి వేసిన ఒట్టని కాగితం మీద ఒప్పుకోవాలి. అదే ఒట్టు నలభై గడపల ముందు తనూ రోజూ వేస్తున్నాడు. ఆ గడపల్లో అన్నిటికంటే నోరున్న గడప ఎదురుగా పులిహోర డబ్బాతో నిలబడి ఉంది.

"ఆ తొమ్మిది దినాలే కలిపిండేమో," అన్నాడు బుచ్చయ్య నీరసంగా. "ఆపతి గదా."

"గట్లనా?" అంది వరమ్మ. "రెండో దినానికే ఒట్టు తయారుగ ఉన్నది. దరోగ అంతటోనికి దొరకకుంట కలిపిండు. కొత్తగ కలిపేటోని చెయ్యేనా అది?"

బుచ్చయ్య చేతిలో రుమాలును మళ్ళీ నలిపాడు.

"సాక్షి సంతకం నేను పెట్టాలె గదా. నిజం తెల్వకుంట పెట్ట. చెప్పు బుచ్చయ్యా."

గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. బుచ్చయ్య భార్య చేతిలో ఫోటో వైపు చూశాడు. రామలింగయ్య అందులో చాలా అమాయకంగా ఉన్నాడు, ఒట్టు వేసిన మరుక్షణంలో తీసినట్టు.

"మా బాపు కలిపిండు," అన్నాడు చివరికి, నేల చూస్తూ. "ఖిలాకు పోకముందు కలిపిండు, వచ్చినంక కలిపిండు. నేను గూడ కలుపుతున్న అమ్మా. లీటర్‌కు పావు. ఎండకాలం జరంత ఎక్కువ." ఆగి, కొంచెం తలెత్తి, "బోరు నీళ్లు గాదు గని. ఫిల్టర్ నీళ్లే," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఒక్క మాట కోసం చూసింది వరమ్మ. ఇక గదిలో పిడుగు పడుతుందని నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె కలం తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాయి," అంది. బుచ్చయ్య రాశాడు. అక్షరాలు వంకర పోయాయి, కానీ నీళ్ళు అన్న మాట మాత్రం స్పష్టంగా పడింది.

కాగితం మా వైపు జరిగింది. నేను సంతకం పెట్టి ఊరుకున్నాను. ఈ కుటుంబం మీకెలా తెలుసు అన్న చోట వరమ్మ ఆగి, కళ్ళజోడు పెట్టుకుని, బళ్ళో పరీక్ష రాసినట్టు రాసింది. భుజం మీంచి చదివాను.

"వీరు మాకు ఇరవై ఆరేండ్ల నుండి నీళ్ల పాలు పోస్తున్నారు. నాకు తెలుసు. లాక్‌డౌన్లో మా గల్లీకి కట్టెలు అడ్డం కట్టినప్పుడు నా బిడ్డ బాలింత. ఈయన వీపు మీద లాఠీ దెబ్బలు తిని, వెనక గోడ ఎక్కి పాలు అందించినారు. అడిగితే బర్రె తన్నిందన్నారు. అట్ల పద్దెనిమిది రోజులు. కాబట్టి ఆ టేపులో చెప్పిన మనిషి వీళ్ల నాయనే అని నేను నమ్ముతున్నాను."

ఈ సంగతి ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. అప్పుడు నేను ముందు గదిలో టీవీ చూస్తూ ఉండి ఉంటాను. సిగ్గేసింది.

నందిని ఆ రెండు వాంగ్మూలాలూ పైకి చదివింది. బుచ్చయ్య అంతసేపూ నిలబడ్డవాడు గోడ వారగా కూలబడి, రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. లలితమ్మ పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది. ఏం చేయాలో తోచక నేను పులిహోర డబ్బా మూత తీశాను.

అయిదు కొట్టేలోగా కాగితాలన్నీ పిన్ను చేసింది నందిని. పేరు రాయి మీద ఎక్కుతుందనీ, ఏడో బొత్తాం కింద రామలింగయ్య గురించి ఒక చిన్న పలక కూడా పెడతారనీ చెప్పింది. కాసేపు తటపటాయించి, "అంకుల్, పలక అందరూ చదువుతారు. మీ వ్యాపారానికి ఇబ్బంది అవుతుందేమో. నీళ్ళ సంగతి కమిటీ కాగితంలో ఉంటే చాలు, పలక మీద తీసేయనా?" అని అడిగింది.

బుచ్చయ్య కళ్ళు తుడుచుకుని వరమ్మ వైపు చూశాడు. ఆమె ఎటో చూస్తోంది.

"ఉండనియ్యి బిడ్డా," అన్నాడు. "నీళ్లు తీసేస్తే అండ్ల మా బాపు మిగలడు."